దిక్కులేని కుక్కపిల్లలకు, పిల్లికూనలకు ఇల్లు చూపించడం ఎలా? వీధంతా కలిసి చేసే పద్ధతి

నెల్లూరు, కావలి, గూడూరు, ఒంగోలు వైపు నుంచి ఏటా సంక్రాంతి దాటగానే ఇదే ప్రశ్న వస్తుంటుంది: "మా సందులో కుక్క ఈనింది, పిల్లల్ని ఎవరికైనా ఇప్పించాలంటే ఏం చేయాలి?" కార్తీకంలో జతకట్టిన కుక్కలు 63 రోజులు అటూ ఇటూగా ఈనుతాయి కాబట్టి ఆ రోజుల్లో ప్రతి వీధిలోనూ పిల్లలు కనిపిస్తాయి.

అడిగేవాళ్లలో చాలామంది ఒక్కరే పూనుకుంటారు. పిల్లను ఇంటికి తెచ్చుకుని, డాక్టర్ ఖర్చు భరించి, కనిపించిన వాళ్లందరినీ అడుగుతారు. నెల తిరిగేసరికి అలిసిపోయి, ముందు ఎవరు చేయి చాపితే వాళ్లకి ఇచ్చేస్తారు. అలా ఇచ్చిన పిల్లే మళ్లీ రోడ్డు మీదికి వస్తుంది. అందుకే పిల్లను ఎత్తుకోకముందే మనుషుల్ని కూడగట్టాలి. ఇక్కడ చెప్పే పనులన్నీ ఐదారుగురు పంచుకుంటారనే లెక్కలో రాశాను.

1. ఏ జంతువుకు ఇల్లు వెతకాలో ముందు తేల్చుకోండి

కనిపించిన ప్రతి పిల్లా దిక్కులేనిది కాదు. తల్లి తిండి కోసం తిరుగుతూ కొన్ని గంటలు దూరంగా ఉంటుంది. పిల్లికూనలైతే తల్లి వాటిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుస్తూ మధ్యలో ఒకదాన్ని కాసేపు వదిలి వెళ్తుంది. దూరం నుంచి సగం రోజైనా చూడండి. పిల్లలు పొట్ట నిండి నిద్రపోతుంటే తల్లి వస్తోందని అర్థం. చల్లబడి, ఆగకుండా ఏడుస్తుంటే తల్లి రావడం లేదని అనుకోవచ్చు.

తల్లి ఉన్న పిల్లల్ని రెండు నెలలు నిండేదాకా విడదీయొద్దు. పాలు మరిచినంత మాత్రాన సరిపోదు. కొరికితే ఎదుటివాళ్లకి నొప్పి పుడుతుందని పిల్ల నేర్చుకునేది తోటి పిల్లలతో ఆడుకునే ఆ వారాల్లోనే. నెల పిల్లను ముద్దుగా ఉందని తీసుకెళ్లిన ఇళ్ల నుంచే "ఊరికే కరుస్తోంది" అనే ఫిర్యాదులు ఎక్కువగా వస్తాయి. ఈలోగా తల్లికి మంచి తిండి, పిల్లలకి వాన తగలని చోటు చూపిస్తే చాలు.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద వీధి కుక్కల సంగతి వేరు. జంతు జనన నియంత్రణ నియమాలు, 2023 ప్రకారం వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే తిరిగి వదలాలి. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో ఉన్నవాటిని మాత్రం అక్కడే వదలకుండా షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు 2025 నవంబర్‌లో ఆదేశించింది. మీ వీధి కుక్కలు బడి గోడ లోపల తిరుగుతుంటే, మనుషులకు మచ్చికైన వాటికి ముందుగా ఇల్లు వెతకండి.

మెడకు బెల్టు ఉన్నదో, జాతి కుక్కో కనిపిస్తే తప్పిపోయిందేమో చూడాలి. ఫోటో పెట్టండి, కానీ ఒక గుర్తు బయటపెట్టొద్దు: చెవి వెనక మచ్చ, వంకర తోక, అలాంటిది. మాదేనని వచ్చినవాళ్లను ఆ గుర్తు అడగండి, పాత ఫోటో చూపించమనండి. ఎవరూ రాకపోతేనే కొత్త ఇల్లు.

చొంగ కారుస్తూ, నడక తడబడుతూ, ఎదురైనదాన్నల్లా కొరకబోయే కుక్క జోలికి వెళ్లకండి. ఆడుకునే చిన్నపిల్లల్ని ఇంట్లోకి పిలిచి, కార్పొరేషన్‌కో మున్సిపాలిటీకో ఫోన్ చేయండి. ఎవరినైనా కరిస్తే, గీరినా సరే, గాయాన్ని సబ్బుతో కుళాయి ధార కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు.

2. మనుషుల్ని కూడగట్టడం

ఐదు పనులకు ఐదుగురు కావాలి. తక్కువైతే ఒకరు రెండు పనులు చేయొచ్చు గానీ, ఎవరు ఏది చేస్తారో ముందే మాట అనుకోవాలి.

• ఫోన్ చూసేవాళ్లు: ప్రకటనలో వీళ్ల నంబరు ఒక్కటే ఉంటుంది.
• ఇంట్లో ఉంచుకునేవాళ్లు: ఇల్లు దొరికేదాకా పిల్ల ఉండేది వీళ్ల దగ్గరే. ఇద్దరుంటే మంచిది, ఒకరు ఊరెళ్తే ఇంకొకరు చూసుకుంటారు.
• బండి ఉన్నవాళ్లు: డాక్టర్ దగ్గరికి, కొత్త ఇంటికి తీసుకెళ్లడానికి.
• లెక్క రాసేవాళ్లు: ప్రతి ఖర్చుకూ బిల్లు ఫోటో గ్రూపులో పెట్టాలి.
• ఇల్లు చూసొచ్చేవాళ్లు: మొహమాటం లేకుండా "కుదరదు" అనగలిగిన మనిషి అయ్యుండాలి.

మీ వీధిలో వీళ్లు ఎక్కడున్నారో ఆలోచించండి. పాలు పోసే అతనికి ఏ ఇంట్లో కుక్క ఉండేదో, ఏది చచ్చిపోయిందో, ఎవరు ఇంకోటి కావాలనుకుంటున్నారో తెలుసు. చికెన్ కొట్టు యజమాని మెడలు, కాళ్లు ఇవ్వగలడు. బడి పిల్లలకు ప్రతి కుక్కపిల్ల ఆచూకీ తెలుసు, వాళ్లను పెద్దవాళ్లతో కలిపి పనిలో పెట్టండి. పల్లెల్లో సచివాలయం పశుసంవర్ధక సహాయకుడిని పరిచయం చేసుకోండి. ఏ రోజు ఏ టీకా దొరుకుతుందో ఆయనే చెప్పగలరు.

కుక్కలంటే భయపడేవాళ్లను, విసుక్కునేవాళ్లను పక్కన పెట్టి పని మొదలుపెట్టొద్దు. నాకు ఇది అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. వీధిలో ఒక్క ఇంటివాళ్లు గట్టిగా వ్యతిరేకించినా రాత్రికి రాత్రి పిల్లల్ని సంచిలో వేసి ఊరి బయట వదిలేయడం జరుగుతుంది. వాళ్ల గుమ్మం ముందు తిండి పెట్టబోమని, మలం మేమే ఎత్తేస్తామని, ఫలానా తేదీకల్లా పిల్లలకి ఇల్లు చూస్తామని చెప్పండి. "పెద్దమ్మా, మార్చి నెలాఖరు దాకా ఓపిక పట్టండి, ఆ తర్వాత తల్లికి కూడా ఆపరేషన్ చేయిస్తాం" అని తేదీతో సహా చెబితే చాలామంది సరేనంటారు. తిండి పెట్టే చోటు కూడా వీధిలో మీరే నిర్ణయించుకోకుండా కార్పొరేషన్‌ను అడగండి. వార్డుల్లో ఇందుకు ప్రత్యేక చోట్లు చూపించాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో చెప్పింది.

3. మొదటి రెండు వారాలు: ఆరోగ్యం

కొత్తగా తెచ్చిన పిల్లను 14 రోజులు మిగతా జంతువులకు దూరంగా ఉంచాలి. కారణం పార్వో అనే కుక్కల వైరస్ జబ్బు. రక్తంతో నీళ్ల విరేచనాలు, వాంతులు, తిండి ముట్టకపోవడం దాని లక్షణాలు. వైరస్ ఒంట్లో చేరాక వారం, పది రోజుల్లో బయటపడుతుంది. నేల మీద నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కి లొంగదు. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు కలిపి, ముందు మలం తీసేసి, తర్వాత ఆ చోటంతా తుడిచి పది నిమిషాలు తడిగానే ఉంచి ఆరనివ్వండి. పార్వోతో పిల్ల చనిపోయిన ఇంట్లో టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను పెట్టొద్దు.

ఎత్తుకోగానే చూడాల్సినవి:

• చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయా? తెల్లగా పాలిపోతే పురుగులో, పేలూ గోమార్లో రక్తం పీల్చేస్తున్నట్టు.
• మెడ మీద చర్మం చిటికెతో లేపి వదిలితే వెంటనే సర్దుకుంటోందా? అలాగే నిలబడితే ఒంట్లో నీరు తగ్గింది, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి.
• పళ్లు వచ్చాయా? ఏమీ లేకపోతే మూడు వారాల లోపు పిల్ల. సూదుల్లా పొడుచుకొస్తుంటే నెల. ముందు పళ్లు ఊడి పెద్దవి వస్తుంటే నాలుగు నెలలు.
• పొట్ట ఉబ్బి ఒళ్లు ఎండిపోయిందా? పురుగుల మందు కావాలి.

పళ్లు కూడా రాని పిల్ల దొరికితే పాలు పట్టడానికి ముందు వెచ్చబరచండి. చల్లబడిన పిల్లకు పాలు అరగవు. సీసాలో గోరువెచ్చటి నీళ్లు పోసి, పాత చీర ముక్క చుట్టి పక్కన పెట్టండి. పాలు పట్టేటప్పుడు పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా, తల కొంచెం పైకి ఉంచాలి. తాగాక తడి దూదితో కింద మెల్లగా తుడవండి. తల్లి నాకితేనే అవి ఉచ్చ పోయగలవు, ఆ పని మీరు చేయాలి. రాత్రి కూడా మూడు నాలుగు గంటలకోసారి ఇదంతా ఉంటుంది కాబట్టి ఇంత చిన్న పిల్లను ఇద్దరు వంతులు వేసుకుని పెంచాలి. పాలపొడి కుక్కపిల్లలదో, పిల్లికూనలదో విడిగా దొరుకుతుంది. ఆవుపాలతో చాలా పిల్లలకు, ముఖ్యంగా పిల్లికూనలకు విరేచనాలవుతాయి.

టీకాల వరుస: కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి 16 వారాల వయసు దాకా. రేబిస్ టీకా మూడు నెలలకు, ఆపైన డాక్టర్ చెప్పిన ప్రకారం ఏటా. పురుగుల మందు మూడు నెలల దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి. ప్రతిదీ ఒక కార్డులో రాయించండి. కొత్త ఇంటికి పిల్లతో పాటు వెళ్లాల్సింది ఆ కార్డే.

ఏటా జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు జంతువులకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ రోజుకు వీధి మొత్తాన్ని సిద్ధం చేసుకోండి. పెద్ద ఆపరేషన్ అవసరమైతే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. నెల్లూరు నుంచి తెల్లవారుజామున బయల్దేరితే ఎండ ముదరకముందే చేరొచ్చు.

మన ఇంట్లో ఉన్న మాత్రలు వేయొద్దు. పారాసెటమాల్ సగం బిళ్ల కూడా పిల్లిని చంపేస్తుంది. కుక్కల గోమార్ల మందుల్లో కొన్ని పిల్లులకు విషం.

4. ప్రకటన రాయడం

ఫోటో పిల్ల ఎత్తులో కూర్చుని, పొద్దుటి ఎండలో తీయండి. పైనుంచి తీస్తే తల ఒక్కటే పెద్దగా కనిపిస్తుంది. ఒకటి మొహం, ఒకటి మనిషి పక్కన నిలబడి ఉన్నది. ఎంత సైజు ఉందో రెండోదాన్ని చూసి తెలుసుకుంటారు. గాయాల ఫోటోలు వద్దు, జాలిపడి "అయ్యో" అంటారు గానీ తీసుకెళ్లరు.

రాయడంలో దాపరికం పనికిరాదు. నమూనా ఇది:

"ఆడ కుక్కపిల్ల, నాటు రకం, రెండున్నర నెలలు. ఒక టీకా, పురుగుల మందు అయ్యాయి. పెరుగన్నం, ఉడికిన గుడ్డు తింటుంది. పిల్లలతో ఆడుతుంది, బండి శబ్దానికి భయపడుతుంది. ఆరు నెలలు దాటాక ఆపరేషన్ మేమే దగ్గరుండి చేయిస్తాం. ఇల్లు చూశాకే ఇస్తాం, డబ్బు తీసుకోం. నెల్లూరు, కోవూరు, బుచ్చి చుట్టుపక్కల వాళ్లకే."

ఊరి పేర్లు తప్పనిసరి. దూరానికి ఇస్తే తర్వాత వెళ్లి చూడలేరు. వాట్సాప్ గ్రూపులతో ఆపకుండా మెడికల్ షాపు, పశువైద్యశాల, పాల కేంద్రం దగ్గర కాగితం అంటించండి. పెంచే ఓపిక ఉన్న పెద్దవాళ్లు అక్కడే చూస్తారు. పిల్ల వెళ్లిపోయిన రోజే "ఇచ్చేశాం" అని అన్నిచోట్లా రాయండి.

జాతి కుక్క అయితే ఊరకే ఇస్తున్నారని తెలియగానే ఫోన్లు ఆగవు. ఈనిపించి అమ్ముకునేవాళ్లు వాటిలో ఉంటారు. ఆపరేషన్ చేయించాకే జాతి కుక్క ప్రకటన పెట్టండి, ఆ మాట మొదటి వరుసలోనే రాయండి.

5. ఫోన్‌లో అడగాల్సినవి

మాటలు కలిపి అడగండి, పోలీసు విచారణలా ఉండకూడదు. సొంతిల్లా అద్దె ఇల్లా, అద్దె అయితే ఇంటి ఓనర్ ఒప్పుకున్నారా, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇంతకుముందు కుక్క ఉంటే అది ఏమైంది, పండక్కి ఊరెళ్తే ఎవరు చూస్తారు. చివరి రెండు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లోనే సగం తెలిసిపోతుంది. "తప్పిపోయింది" అని రెండు మూడు కుక్కల గురించి చెబితే ఆ ఇంట్లో గేటు వేసే అలవాటు లేదన్నమాట.

హాస్టల్లో ఉండే విద్యార్థులకు ఇవ్వొద్దు. పరీక్షలవగానే గది ఖాళీ చేస్తారు. అపార్ట్‌మెంట్ వాళ్లను కాదనక్కర్లేదు. పెంపుడు కుక్కలను అసోసియేషన్ నిషేధించడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా పొరుగువాళ్లతో గొడవ పడుతూ కుక్కను పెంచలేరు, వాళ్లు కూడా సరేనన్నాకే ఇవ్వండి.

మన దగ్గర ఎక్కువగా వినిపించే మాట: "ఆడదైతే మాకొద్దన్నా, ఏడాదికి రెండు ఈతలు ఈనుతుంది, ఆ పిల్లల్ని ఎక్కడ పెట్టుకుంటాం?" ఆ భయం నిజమైనదే, కొట్టిపారేయొద్దు. ఆపరేషన్ తేదీ, ఖర్చు ఎవరిదో కాగితం మీద రాసిస్తే ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు. ఆడ కుక్క ఇల్లు వదిలి దూరం తిరగదని, కాపలాలో మగదానికి ఏమీ తీసిపోదని చెప్పండి. మగ కుక్కపిల్లల్ని ముందు ఇచ్చేసి ఆడవాటిని మిగల్చడం కంటే, ఆడ కుక్కపిల్లల ప్రకటన ముందు పెట్టడమే నయం.

రొయ్యల చెరువుల వాళ్లు, నిమ్మ, మామిడి తోటల వాళ్లు కాపలాకని అడుగుతుంటారు. ఇవ్వొచ్చు, కొన్నిచోట్ల కుక్కలు హాయిగా తిరుగుతూ బతుకుతాయి. కానీ చెరువు ఎండబెట్టినప్పుడు కాపలా మనిషి వెళ్లిపోతే కుక్క ఎక్కడికి పోతుందో ముందే అడగండి. యజమాని పేరు మీదే మాట తీసుకోండి, కాపలా మనిషి పేరు మీద కాదు. చెరువులో మందులు చల్లే రోజు దాన్ని ఎక్కడ ఉంచుతారో కూడా అడగాలి.

6. ఇల్లు చూసి రావడం

ఇది మానేయడానికి లేదు. వెళ్లినప్పుడు ముందు గేటు చూడండి. కింద సందు అరచేయి నిలువుగా దూరేంత ఉంటే రెండు నెలల పిల్ల బయటికి వచ్చేస్తుంది. అట్టముక్కో, జాలీయో కట్టాకే పిల్లను తెస్తామని చెప్పండి. పిల్లికూన అయితే కిటికీలు, బాల్కనీ, మూత లేని నీళ్ల తొట్టి చూడాలి.

కుక్క ఎక్కడ ఉంటుందో చూపించమనండి. మేడ మీద రేకుల కింద అంటే, మధ్యాహ్నం రెండింటికి ఆ రేకు కింద నిలబడి చూడండి. రోహిణి కార్తెలో అక్కడ పిల్ల బతకదు. గొలుసు ఉంటే పొడవు చూడండి. జంతువును పొట్టి గొలుసుతో, బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం 1960 జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. పెంపుడు జంతువును తిండీ నీళ్లూ లేకుండా వదిలేయడమూ నేరమే.

పెన్న ఒడ్డు కాలనీలు, పల్లపు చోట్లు అయితే వరద సంగతి అడగండి. 2021 నవంబర్ వరదల్లో నెల్లూరులో నది పక్క ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే కుక్కను వెంట తీసుకెళ్తారా, కనీసం గొలుసు విప్పి మేడ ఎక్కిస్తారా?

హామీ కాగితంలో ఉండాల్సినవి:

• తీసుకున్నవాళ్ల పేరు, చిరునామా, సంతకం
• మిగిలిన టీకాల తేదీలు, ఆపరేషన్ నెల
• వేరేవాళ్లకు ఇవ్వబోమని, పెంచలేకపోతే మీకే తిరిగిస్తామని
• అప్పుడప్పుడు వచ్చి చూడటానికి ఒప్పుకుంటామని

పట్టణంలో ఉంటే కుక్క లైసెన్స్ గురించి మున్సిపల్ ఆఫీసులో కనుక్కోమనండి. వీధి కుక్కను దత్తత తీసుకుంటే అది మళ్లీ వీధికి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదేనని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఈ విషయం వాళ్లకు తెలియాలి.

7. అప్పగించే రోజు

ఎండ రాకముందే తీసుకెళ్లండి. బయల్దేరే ముందు రెండు మూడు గంటలు తిండి పెట్టకపోతే దారిలో వాంతి చేసుకోదు. ఆటోలో ఒడిలో పట్టుకోవద్దు, హారన్‌కు బెదిరి హైవే మీద దూకేస్తుంది. గాలి ఆడే బుట్టలోనో, అట్టపెట్టెలోనో పెట్టండి. పిల్లి అయితే మూత కట్టాలి.

ఇన్నాళ్లూ పడుకున్న గోనెసంచి ఉతక్కుండా వెంట ఇవ్వండి. ఆ వాసనకి రాత్రి ఏడుపు తగ్గుతుంది. వారానికి సరిపడా అలవాటైన తిండి కూడా ఇవ్వండి, ఒక్కసారిగా మారిస్తే విరేచనాలవుతాయి. మూడు రోజులు మంచం కింద దాక్కోవచ్చని, బలవంతంగా లాగొద్దని, చుట్టాల పిల్లలందరినీ పిలిచి చూపించొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పండి.

8. ఇచ్చాక

మర్నాడు ఒక ఫోన్. వారానికి ఒక వీడియో అడగండి, నెలకు ఒకసారి వెళ్లి చూడండి. టీకా తేదీకి రెండు రోజుల ముందు గుర్తుచేయడం ఫోన్ చూసేవాళ్ల పని. ఆరు నెలలు దాటాక ఆపరేషన్‌కి బండి ఉన్నవాళ్లే వచ్చి తీసుకెళ్లాలి. ఇక్కడ జారితే ఏడాదికి మళ్లీ నాలుగు పిల్లలు రోడ్డు మీద ఉంటాయి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కడుతుంది కాబట్టి దాని గురించి ముందే డాక్టర్‌ను అడగండి.

9. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసుకునే దారి

ముద్దుగా ఉందని పుట్టినరోజు కానుకగా అడుగుతారు: ఆ ఇంటి పెద్దవాళ్లతో మాట్లాడి, పుట్టినరోజు అయిన వారానికి ఇవ్వండి. అప్పటికీ కావాలంటే నిజంగా పెంచుతారు.

డబ్బు దగ్గర మాట తేడా వస్తుంది: చందా ముందే పోగుచేయకుండా, బిల్లు వచ్చాక పంచుకోండి.

పిల్ల ఉన్న ఇంటివాళ్లు దానికి అలవాటుపడి ఇవ్వలేకపోతారు: వాళ్లే ఉంచుకోనివ్వండి, అదీ ఒక ఇల్లే. కానీ కొత్త పిల్లల కోసం ఇంకో ఇల్లు వెతుక్కోవాలి.

తిరిగి తెచ్చేస్తారు: తిట్టొద్దు. తిడితే తర్వాతి వాళ్లు చెప్పకుండా హైవే పక్కన దించేస్తారు. ఎందుకు కుదరలేదో రాసుకోండి, తర్వాతి ప్రకటనలో ఆ విషయం చేర్చండి.

10. ఇల్లు దొరక్కపోతే

నాలుగు నెలలు దాటిన నాటు కుక్కలు కొన్ని ఎన్ని ప్రకటనలు పెట్టినా మిగిలిపోతాయి. అలాంటివాటిని ఊరి బయట, డంపింగ్ యార్డు దగ్గర, వేరే వీధిలో వదలొద్దు. అక్కడి కుక్కలు కరిచి చంపుతాయి. పుట్టిన వీధిలోనే, ఆపరేషన్ అయ్యాక, ఏటా రేబిస్ టీకాతో ఉంచండి. ఎవరి వంతు ఏ వారమో రాసుకుని తిండి పెట్టండి. మెడకు రంగు బెల్టు కట్టి, టీకా తేదీ ఉన్న కార్డు ఒక ఇంట్లో భద్రపరచండి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే చూపించడానికి అది చేతిలో ఉండాలి. ప్రకటన మాత్రం తీసేయొద్దు, నెలకోసారి కొత్త ఫోటోతో మళ్లీ పెట్టండి. కాపలాకి పెద్ద కుక్కే కావాలని, చిన్నపిల్లను పెంచే ఓపిక లేదని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్లు వెతికే రోజున మీ నంబరు దొరకాలి.